ఏది ముందు తాగారు?

ఆ బ్రూవరీలో ఎవరు ఏ గ్లాసు ముందు తాగాలో తొమ్మిదేళ్ళుగా చెబుతున్నది పెద్దకోడలే. ఆమె తలూపేదాకా ఓనరు కూడా గ్లాసు మీద చెయ్యి వేయడు. బీరు రుచి చూడటమంటే గటగటా తాగేయడం కాదని, తేలికది ముందు, ఘాటైనది వెనక అనే వరుస తప్పితే నాలుక మొద్దుబారిపోతుందని, గట్టి చేదు తర్వాత అమృతం పోసినా నీళ్ళలా ఉంటుందని అక్కడ అందరికీ నేర్పింది ఆమే.

ఇంట్లో ఆమె పెద్దకోడలు. బ్రూవరీలో డిగ్రీ మేడం. ఆ పేరు ప్యాకింగువాళ్ళు వెక్కిరింతగా పెట్టారు. ఆమెకు మాత్రం లోలోపల ఇష్టమే. పుట్టింటివైపు ఎన్ని తరాలు వెనక్కి వెతికినా డిగ్రీ చదివినవాళ్ళు లేరు. బరువులు మోసే తండ్రి, కుట్టుమిషను మీద కళ్ళు పాడుచేసుకున్న తల్లి కలిసి ఆమెకు కెమిస్ట్రీ చెప్పించారు. అందుకే చదివిన ప్రతి అక్షరానికీ ఎవరికో లెక్క అప్పజెప్పాలన్నట్టు పనిచేస్తుంది. ల్యాబులో ఆమె ఒక అంకె రాసిందంటే దాన్ని మరొకరు తిరిగి చూడరు.

చిన్నకోడలు వచ్చేదాకా అంతా బాగానే ఉంది.

చిన్నకోడలంటే ఆమె మరిది భార్య. పెళ్ళికి ముందు నుంచీ బేకరీలో పనిచేసేది. బేకరీ మూతపడ్డాక మూడు నెలలు ఇంట్లో ఊరికే కూర్చుంటే చూడలేక, పెద్దకోడలే ఓనరు దగ్గరికెళ్ళి, "మా తోటికోడలండీ, ఒళ్ళు దాచుకోని మనిషి," అని చెప్పి పీపాలు కడిగే పనిలో పెట్టించింది. తన నోటితో తానే చెప్పింది. ఆ నోటిని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంది.

పనిలో చేరిన రెండోవారంలో చిన్నది ల్యాబులోకి ఏదో కాగితం ఇవ్వడానికొచ్చి, బల్ల మీదున్న గ్లాసు దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చింది.

"అక్కా, ఇందులో ఎవరైనా వెన్న వేశారా?"

"బీరులో వెన్నేంటే? పో, పని చూసుకో."

"కాదక్కా, మా బేకరీలో వెన్న కరిగేటప్పుడు సరిగ్గా ఇదే వాసన."

సాయంత్రం బీరును పరీక్షించే ల్యాబు మిషను కూడా అదే చెప్పింది. బీరును పులియబెట్టే ఈస్టు పని పూర్తికాకముందే ట్యాంకు చల్లబెట్టేస్తే బీరుకి అలాంటి వెన్న వాసన వస్తుంది. ఆ వాసనను పట్టుకోవడానికి పెద్దకోడలు అప్పట్లో ఆరు నెలలు చిన్న చిన్న సీసాలు ముక్కు దగ్గర పెట్టుకుని, తలనొప్పి తెచ్చుకుని, నోటుపుస్తకం నింపి మరీ నేర్చుకుంది. చిన్నదేమో రెండోవారంలో, చేతిలో కాగితం పట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడి చెప్పేసింది.

ఆ తర్వాత చిన్నదాని పేరు 'ముక్కు' అయిపోయింది. బీరు కాచే పనంతా చూసే బ్రూమాస్టరు, బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్ పువ్వుల సంచి విప్పితే చాలు, "ముక్కు ఎక్కడ? పిలవండి," అంటాడు. ఆమె నాలుగు పువ్వులు అరచేతుల మధ్య నలిపి, "ఇది ఇంకో నెల ఆగితే ఉల్లిపాయ కంపు కొడుతుంది, ముందు దీన్ని వాడండి," అంటుంది. అన్నట్టే జరుగుతుంది. పీపాల దగ్గర్నుంచి ట్యాంకుల దగ్గరికి, అక్కణ్ణుంచి బీరు కాచే పొయ్యి దగ్గరికి మూడేళ్ళలో వచ్చేసింది.

ఇంట్లోనూ అదే తంతు. పాలగిన్నె పొయ్యి మీద పెట్టకముందే, "అత్తయ్యా, ఇవి విరుగుతాయి," అంటుంది. విరుగుతాయి. అత్తగారు వచ్చిన ప్రతివాళ్ళకూ, "మా చిన్నదాని ముక్కుకి బంగారు తొడుగు చేయించాలి," అని చెప్పి, పక్కనే ఉన్న పెద్దకోడలి వైపు చూసి, "పెద్దది చదువుకుందిలెండి," అని కలుపుతుంది. అదేదో ఒంట్లో బాగోలేదని చెప్పినట్టు.

ఇలాంటివి విన్నప్పుడల్లా పెద్దకోడలు నవ్వేది. నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టేవి.

*

ఆ ఏడు ఓనరు డబుల్ ఐపీఏ చేద్దామన్నాడు. ఐపీఏ అంటేనే హాప్ పువ్వుల వాసన, చేదు ముందుండే బీరు. డబుల్‌లో మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ ఎక్కువ, మత్తు ఎక్కువ, హాప్స్ రెట్టింపు. ఎనిమిదిన్నర శాతం మత్తున్నా గొంతులో మంట తెలియకూడదు. చేదు గట్టిగా ఉండాలి, అయినా రెండో గుక్కకి చెయ్యి దానంతటదే వెళ్ళాలి.

"నేను ఒక లెక్క రాసుకున్నాను సార్," అని పెద్దకోడలు ఫైలు తీసింది. నాలుగు నెలలుగా రాసుకుంటున్న ఫైలు అది.

"నాకూ ఒకటి చేయాలనుందండీ," అంది పొయ్యి దగ్గర్నుంచి చిన్నది. దాని చేతిలో ఏ ఫైలూ లేదు, గరిటె ఉంది.

ఓనరు ఇద్దరినీ చూసి నవ్వాడు. "చెరో చిన్న ట్యాంకు తీసుకోండి. గెలిచినది పెద్ద ట్యాంకులోకి వెళ్తుంది."

పెద్ద ట్యాంకు పక్కన గోడకి ఒక నల్ల పలక ఉంది. అందులో కాచే బీరు ఎవరిదో వాళ్ళ పేరు సుద్దముక్కతో దాని మీద రాస్తారు. ఆ బీరు కాచినన్నాళ్ళూ ఆ పేరు చెరపరు. తొమ్మిదేళ్ళలో పెద్దకోడలు ఎన్నో పేర్లను ఆ పలక మీద చూసింది. ల్యాబువాళ్ళ పేరు మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. తప్పులు పట్టేవాళ్ళ పేరు ఎవరు రాస్తారు? ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆ పలక మీద తన పేరు చూసుకోవాలని ఆమెకు ఎంత ఉండేదో భర్తకు కూడా చెప్పలేదు.

ఆమె తన బీరును ఫైలులో ఉన్నట్టే కాచింది. నీళ్ళలో లవణాలు తూచింది. చేదు ఎంత రావాలో ముందే రాసుకుంది, అంతే వచ్చింది. చిన్నది మాత్రం హాప్స్‌లో సగానికి పైగా పొయ్యి మీద వేయనేలేదు. బీరు పులిసి చల్లబడ్డాక రెండు విడతలుగా వేసింది. ఎంత వేస్తున్నావని అడిగితే, "చూస్తున్నానక్కా, వాసన చెబుతుంది," అంది. ఆ జవాబుకి పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. కొలత లేని పని చెడిపోవాలి. అది న్యాయం. చెడిపోకపోతే ఇన్నేళ్ళ కొలతలు ఎందుకు?

*

గురువారం పదకొండింటికి రుచి చూడటం. ఆ వేళకి పొద్దున తిన్నదాని రుచి నోట్లోంచి పోతుంది, మధ్యాహ్నం ఆకలి ఇంకా మొదలవదు. ఇదీ పెద్దకోడలు పెట్టిన నియమమే.

ఎనిమిదింటికే ఆమె ల్యాబు తలుపు వేసుకుని రెండు ట్యాంకుల నుంచీ ఒక్కో గ్లాసు పట్టింది. ముందు తనది. రాగిరంగులో తేటగా ఉంది. చేదు సరిగ్గా ఎక్కడ మొదలవ్వాలో అక్కడ మొదలై, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. తప్పు లేదు. నోరు పుక్కిలించి, పావుగంట ఆగి, చిన్నదాని గ్లాసు ఎత్తింది.

గ్లాసు పెదాలకి తగలకముందే నారింజ తొక్కను గోటితో గిల్లినట్టు వాసన గుప్పుమంది. దాని వెనకాల బాగా ముగ్గిన జామపండు. ఇంకా లోపల ఎక్కడో వాన పడ్డాక దేవదారు చెక్క నుంచి వచ్చే జిగురు వాసన. నోట్లోకి వెళ్ళాక ముందు తీపి అనిపించింది, అది మోసమని తెలిసేలోపు చేదు వచ్చి నాలుక అంతా పరుచుకుంది. మింగాక కూడా వెళ్ళలేదు. వెళ్ళొద్దనిపించింది.

పెద్దకోడలు గ్లాసు దించి గోడ వైపు చూస్తూ కూర్చుంది. తప్పు వెతకాలని ఇంకో గుక్క తాగింది. దొరకలేదు. ఇంకోటి తాగింది. ఆమె తప్పులు వెతకడంలో తొమ్మిదేళ్ళ అనుభవమున్న మనిషి. నాలుగో గుక్కకి తాను వెతకడం మానేసి ఊరికే తాగుతున్నట్టు తెలిసి, ఉలిక్కిపడి, మిగిలింది సింకులో పారబోసింది.

తలుపు తట్టి చిన్నది లోపలికొచ్చింది. తల తడిగా ఉంది, రబ్బరు బూట్లు చప్పుడు చేస్తున్నాయి.

"అక్కా, నీది తాగా. ఎంత శుభ్రంగా ఉందో! గీత గీసినట్టుంది."

శుభ్రంగా! కడిగిన గచ్చుని అంటారు ఆ మాట.

"నాది ఎలా ఉందక్కా? నిజం చెప్పు, నీ మాటే నాకు మాట."

పెద్దకోడలు నోట్లో ఆ జామపండు వాసన ఇంకా తిరుగుతూనే ఉంది.

"బాగానే ఉంది. ఘాటు కొంచెం ఎక్కువైనట్టుంది," అంది.

"అవునా?" చిన్నదాని ముఖం చిన్నబోయింది. "నువ్వన్నావంటే అయ్యే ఉంటుంది."

*

ల్యాబు గోడ మీద ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం ఆరేళ్ళుగా అతికించి ఉంది. పెద్దకోడలు తన చేతిరాతతో రాసింది. రెండు ఘాటైన బీర్లు పోటీలో ఉంటే, సగం మందికి ఇది ముందు, సగం మందికి అది ముందు ఇవ్వాలి. ఎందుకంటే రెండోదానికి అన్యాయం జరుగుతుంది. మొదటి గ్లాసు చేదు నాలుక మీద ఉండిపోయి రెండోదాని చేదుతో కలుస్తుంది, రెండోది గరుకుగా తగులుతుంది. ముక్కు కూడా అప్పటికే అలవాటుపడి కొత్త వాసనను సగమే పడుతుంది. ఒకప్పుడు బ్రూమాస్టరు చేసిన మంచి బీరు ఇలాగే ఓడిపోతే, ఆమే ఓనరుతో వాదించి ఈ పద్ధతి పెట్టించింది. బ్రూమాస్టరు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటాడు.

పదిన్నరకి ఆమె ఆరుగురికీ ఆరు కాగితాలు పరిచింది. ఒక్కో కాగితం మీద రెండు గ్లాసులు. ఎవరి బీరో తెలియకుండా గ్లాసులకి అంకెలు వేస్తారు. తనది నాలుగు వందల పదిహేడు. చిన్నదానిది ఎనిమిది వందల అరవై రెండు. ఎడమ గ్లాసు ముందు తాగాలన్నది అందరికీ తెలిసిన నియమం.

మొదటి కాగితం మీద తనది ఎడమ పక్కన పెట్టింది. రెండోదాని మీద మార్చి పెట్టాలి. చెయ్యి మారలేదు. మూడోదాని మీద కూడా తనదే ఎడమ పక్కన పెట్టింది. నాలుగోదానికొచ్చేసరికి అది మామూలు పనిలా అయిపోయింది. నేనేం విషం కలపలేదు కదా, అనుకుంది. ఏ అంకెనూ మార్చలేదు. ఉన్న బీరే ఉన్నట్టు పోస్తున్నాను. గ్లాసు ఇటుది అటు, అటుది ఇటు, అంతే.

ఓనరు, బ్రూమాస్టరు, ప్యాకింగు నుంచి ముగ్గురు వచ్చి కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా మధ్యలో అట్టలు అడ్డం ఉంటాయి. పక్కవాళ్ళ గ్లాసులు చూడకూడదు, మాట్లాడకూడదు. ఆరోమనిషి వీధి చివర బారు నడిపే ఆవిడ. ఎప్పటిలాగే ఆలస్యంగా, ఆయాసపడుతూ వచ్చింది.

"ఆ మూలకి నేను దూరలేనమ్మా, నా మోకాలు మడత పడదు. ఇక్కడే తలుపు దగ్గర కూర్చుంటా," అంటూ బల్లకి ఇవతలి పక్కన కుర్చీ వేసుకుని, తన కాగితాన్ని గ్లాసులతో సహా ముందుకి లాక్కుంది.

"గ్లాసులు జాగ్రత్తండీ," అంది పెద్దకోడలు.

"నలభై ఏళ్ళుగా గ్లాసులతోనే కాపురం చేస్తున్నాను. నాకు చెబుతున్నావా?"

నవ్వులు. పెద్దకోడలు తలూపింది. తాగడం మొదలైంది.

పావుగంటలో ఫారాలు వచ్చాయి. నాలుగు వందల పదిహేడుకి ఐదు ఓట్లు. ఎనిమిది వందల అరవై రెండుకి ఒకటి. ఓనరు అంకెల చీటీ విప్పి చూసి చప్పట్లు కొట్టాడు.

"డిగ్రీ మేడం కొట్టేసిందయ్యా!"

తలుపు బయట గొట్టం చుట్టుకుంటూ నిలబడ్డ చిన్నది ఆ మాట విని, గొట్టం కిందపడేసి వచ్చి పెద్దకోడలి చెయ్యి పట్టుకుంది. "అక్కా, నేను చెప్పానా!" అంది. కళ్ళు తడిగా ఉన్నాయి. వెంటనే మళ్ళీ వెళ్ళి గొట్టం చుట్టుకోవడం మొదలెట్టింది. ఒకసారి చుట్టినదాన్నే విప్పి మళ్ళీ చుట్టింది.

సాయంత్రం బ్రూమాస్టరు పలక తుడిచి పెద్దకోడలి పేరు రాశాడు. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. ఆమె అటుగా మూడుసార్లు పని కల్పించుకుని వెళ్ళింది. మూడుసార్లూ ఆనందం వస్తుందేమోనని చూసింది. అది ఎక్కడో మెట్ల దగ్గర ఆగిపోయినట్టుంది.

ఇంట్లో అత్తగారు, "అయితే పెద్దదే గెలిచిందన్నమాట," అంది. 'అన్నమాట' దగ్గర కొంచెం సాగదీసింది. పెద్దకోడలికి అదీ గుచ్చుకుంది. చిన్నది గెలిచి ఉంటే ఆ మాట సాగేది కాదు.

*

మర్నాడు పొద్దున చిన్నది ఫారాల కట్ట పట్టుకుని ల్యాబుకొచ్చింది. ఫారాల్లో ఉన్నది కంప్యూటరులోకి ఎక్కించే విసుగు పనిని పెద్దకోడలే పోయిన నెల దాని నెత్తిన రుద్దింది. ఎలా చదవాలో కూడా తానే నేర్పింది.

"అక్కా, ఒక్కసారి ఇది చూస్తావా?"

"ఏంటి?"

"ముందు పై గడి చూడాలి, తర్వాతే ఓటు చూడాలని చెప్పావు కదా." చిన్నది ఫారాలు బల్ల మీద పరిచింది. ప్రతి ఫారం పైన చిన్న గడి ఉంది. *ఏది ముందు తాగారు?* ఆరేళ్ళ కిందట ఆ కొత్త పద్ధతితో పాటు ఈ గడిని కూడా చేర్చింది పెద్దకోడలే. నిన్న ఫారాలు ఎప్పటిలాగే తీసింది, ఎప్పటిలాగే పంచింది. అందరికీ తనదే ముందు పెట్టాలన్న ఆలోచన వచ్చింది గానీ ఈ గడి సంగతి తలపుకే రాలేదు.

ఐదు గడుల్లో నాలుగు వందల పదిహేడు అని ఉంది. ఆరోదానిలో, బారు ఆవిడ పెద్ద పెద్ద అక్షరాల్లో ఎనిమిది వందల అరవై రెండు అని రాసింది. కాగితం ఇవతలి పక్కకి లాక్కున్నప్పుడు ఆమెకు ఎడమ కుడి మారిపోయాయి. కింద ఆవిడ మాట కూడా ఉంది: 'ఇది తాగాక రెండోది తాగబుద్ధి కాలేదు. మా బారుకి ఇదే పంపండి.'

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. చేతులు మాత్రం ఫారాలను నెమ్మదిగా సర్దాయి.

చిన్నది ఆమె ముఖంలోకి చూడకుండా, "హడావిడిలో మర్చిపోయినట్టున్నావక్కా," అంది.

"అవును," అంది పెద్దకోడలు. "మర్చిపోయా."

"సరేలే. తాగినవాళ్ళు తాగేశారు, రాసినవాళ్ళు రాసేశారు. నేను ఎక్కించేస్తా." కట్ట తీసుకుని రబ్బరు బూట్లు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయింది.

పెద్దకోడలు ఒక్కతే కూర్చుంది. పట్టుబడలేదు. ఎవరూ ఏమీ అనలేదు. చిన్నది తానే తలుపు తీసి, పారిపో అక్కా అన్నట్టు పక్కకి తప్పుకుంది. హమ్మయ్య అనుకోవాల్సింది. కానీ కడుపులో మంట నిన్నటికంటే ఎక్కువగా లేచింది. ముక్కు దానిది. బీరు దానిది. అత్తగారి మెప్పు దానిది. ఇప్పుడు మంచితనంలో కూడా ఇదే గెలవాలా? నేను దొంగనూ, ఇది దయగల తల్లీనా? రేపట్నుంచి వంటింట్లో దాని పక్కన నిలబడిన ప్రతిసారీ ఆ దయ నా నెత్తి మీద నీళ్ళబిందెలా ఉంటుందా?

అంతకంటే ఏదైనా నయం.

ఆమె లేచి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, వెనకవైపు షెడ్డులోకి వెళ్ళింది. ఓనరు అక్కడ కింద కూర్చుని పంపుకి కొత్త వాషరు వేస్తున్నాడు.

"సార్, నిన్నటి టేస్టింగు చెల్లదు."

"ఏమైంది మేడం?"

"అందరికీ నాదే ముందు పెట్టాను."

ఓనరు స్పానరు ఆపాడు. "మర్చిపోయారా?"

మళ్ళీ అదే తలుపు తెరుచుకుంది. పెద్దకోడలు దాన్ని చూసింది.

"లేదు సార్. కావాలనే పెట్టాను."

"ఎందుకు?"

"ఓర్వలేక."

ఓనరు వాషరును తీసి పక్కన పెట్టాడు. "మీరు పెట్టిన గ్లాసును తొమ్మిదేళ్ళలో నేను ఒక్కసారి కూడా అనుమానించలేదు," అన్నాడు.

"అందుకే పెట్టగలిగాను."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. స్పానరు కింద పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని, "సోమవారం మళ్ళీ పెడదాం. బ్రూమాస్టరు గ్లాసులు పెడతాడు," అన్నాడు. "ఆ తర్వాత నుంచి ముక్కు పెడుతుంది. మీరు దగ్గరుండి నేర్పండి," అన్నాడు.

వెళుతూ వెళుతూ ఆమే సుద్ద తుడిచే గుడ్డ తీసుకుని పలక మీద తన పేరు చెరిపేసింది. పలక మీద తెల్లటి మరక మిగిలింది.

*

చిన్నది పొయ్యి దగ్గర ఉంది. పెద్దకోడలు వెళ్ళి నిలబడి, "మర్చిపోలేదు నేను," అంది.

"తెలుసు."

"తెలుసా?"

"నువ్వు మర్చిపోయే మనిషివా? నా పెళ్ళిరోజు నాకు గుర్తుచేసేది నువ్వు." చిన్నది గరిటె తిప్పడం ఆపలేదు. "ఘాటు ఎక్కువైందన్నావు. రాత్రంతా దాని గురించే ఏడ్చాను. నీ మాటే నాకు మాట అన్నాను కదక్కా."

"మరి పొద్దున ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వే చెబుతావేమో చూద్దామని."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏముంది? జన్మంతా నిన్ను ఆ చూపు చూస్తూ ఉండేదాన్ని." చిన్నది ఇటు తిరిగింది. దాని ముఖంలో ఆమె అనుకున్న దయ ఎక్కడా లేదు. మంటే ఉంది. "ఇప్పుడైనా మాట్లాడతాననుకోకు. నాకు కోపం తగ్గలేదు."

నిజంగానే మాట్లాడలేదు. శని, ఆదివారాలు ఇద్దరి మధ్యా ఉప్పుడబ్బా కూడా అత్తగారి చేతుల మీదుగానే తిరిగింది. "మీ ఇద్దరికీ మధ్య నేను పోస్టుమాన్‌నా?" అని విసుక్కుందావిడ. వంటింట్లో ఎవరూ నవ్వలేదు. విచిత్రంగా పెద్దకోడలికి ఆ కోపం తేలిగ్గా అనిపించింది. కోపమైతే తనకి వచ్చిన విద్యే.

సోమవారం సగం మందికి ఇది ముందు, సగం మందికి అది ముందు. బ్రూమాస్టరు బదులు లారీ డ్రైవరు తాగాడు. ఎనిమిది వందల అరవై రెండుకి నాలుగు ఓట్లు, నాలుగు వందల పదిహేడుకి రెండు. బారు ఆవిడ ఈసారి మామూలు కుర్చీలోనే కూర్చుని, పెద్దకోడలిదే ముందు తాగి కూడా చిన్నదానికే వేసింది. పెద్దకోడలు ఆ ఫారం రెండుసార్లు చూసింది.

పలక మీద చిన్నకోడలి పేరు ఎక్కింది. అక్షరాలు ఈసారి వంకరగా రాలేదు. పెద్దకోడలు అదీ గమనించింది.

*

ప్రతి కొత్త బీరు డబ్బా మీదా రుచి ఎలా ఉంటుందో రెండు వాక్యాలు రాయాలి. ఆ పని ఎప్పుడూ పెద్దకోడలిదే. దాన్ని ఓనరు తీసేయలేదు, గుర్తులేకో, గుర్తుండో.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర చిన్నదాని ట్యాంకు నుంచి తెచ్చిన సీసా, గ్లాసు, తెల్లకాగితం పెట్టుకుని కూర్చుంది. నాలుక శుభ్రంగా ఉంది. ఒక గుక్క తాగింది. 'ఘాటైన బీరు' అని రాసి కొట్టేసింది. 'హాప్స్ ప్రధానంగా గల' అని రాసి, అది ల్యాబు రిపోర్టులా ఉందని కొట్టేసింది. ఇంకో గుక్క తాగింది. ఈ బీరును అందరికంటే ముందు, తలుపు వేసుకుని, తప్పు వెతుకుతూ తాగింది తనే. దీనిలో ఏముందో తనకు తెలిసినట్టు చేసినదానికి కూడా తెలియదు. మూడోసారి కలం ఆగలేదు.

చిన్నది మంచినీళ్ళకని వచ్చి, కావాల్సినదానికంటే ఎక్కువసేపు కుండ దగ్గర నిలబడింది.

"ఏం రాస్తున్నావ్?" వారం రోజుల తర్వాత అదే మొదటి మాట.

"నీ తలకాయ."

చిన్నది కాగితం లాక్కుని చదివింది. పెదాలు కదుపుతూ రెండోసారి చదివింది.

'గోటితో గిల్లిన నారింజ తొక్క, ముగ్గిన జామ, వానలో తడిసిన దేవదారు. తీపిగా వచ్చి చేదుగా కూర్చుంటుంది. లేచి వెళ్ళమని మీరే అనరు.'

 కాగితం బల్ల మీద పెట్టి అరచేత్తో అదిమింది.

"నాకు వాసన తెలుస్తుంది గానీ దాని పేరు తెలీదు. అడిగితే బేకరీ కబుర్లు చెబుతాను, అందరూ నవ్వుతారు. నువ్వేమో ఇలా రాసిపారేస్తావు. నేను చేసింది ఇదీ అని నువ్వు రాస్తేనే నాకు తెలిసింది." మొహం తిప్పుకుంది. "ఎంత కడుపు మండుతోందో తెలుసా నాకు?"

పెద్దకోడలు తల ఎత్తి చూసింది. ఆ మాట చెవిన పడగానే ఒంట్లో ఎక్కడో చల్లటి తీగ పాకినట్టయింది. ఎన్నో నెలల తర్వాత ప్రాణం హాయిగా అనిపించింది. అలా అనిపించకూడదని తెలుసు. చదువుకున్న మనిషి, పెద్దకోడలు, పైగా తప్పు చేసింది తానే. అయినా ఆ హాయిని ఆపుకోలేదు.

"మండనీ," అంది. ఇంకో గ్లాసు తీసి, సగం పోసి, చిన్నదాని ముందుకి జరిపింది.